పడవ కడుపులోని పలక

విశాఖపట్నం నుండి ఉత్తరంగా బయలుదేరిన రైలు కొత్తవలస చేరేసరికి దారి రెండుగా చీలుతుంది. ఒకటి విజయనగరం మీదుగా హౌరా వైపు సాగిపోతుంది. రెండవది అరకు కొండలెక్కి, కోరాపుట్, జగదల్‌పూర్ దాటి కిరండూల్ వరకు వెళుతుంది. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960వ దశకంలో జపాను సహకారంతో నిర్మించిన మార్గమిది. కొత్తవలసలో నిలబడిన వారికి సముద్రం కనిపించదు. కాని వారి కళ్ళ ముందు నుండి కదిలిపోయే ప్రతి ఖనిజపు బండీ సముద్రానికే పోతున్నది.

ఆ బండి చక్రాలను నిదానించి చూస్తే ఒక విశేషం కనబడుతుంది. చక్రానికి లోపలివైపు అంగుళం ఎత్తున ఒక గట్టు ఉంటుంది. బండి బరువును మోసేది ఆ గట్టు కాదు. బండిని ముందుకు లాగేది కూడా అది కాదు. బండి పక్కకు జారకుండా పట్టాన్ని ఒరుసుకొని నిలవడమే దాని పని. అది లేకపోతే మొదటి మలుపులోనే బండి పట్టాలు తప్పుతుంది. నేలమీద రైలుకు ఆ గట్టు ఎంత అవసరమో, నీటిమీద తెరచాప పడవకు దాని అడుగున ఉండే పలక అంత అవసరం. తేడా ఒక్కటే. రైలుకు ఇనుప పట్టాలున్నాయి. పడవకు పట్టాలు లేవు. కనుక నీటినే పట్టాగా చేసుకోవాలి.

తెరచాప పడవను గురించి సామాన్యంగా ఉండే అభిప్రాయం ఏమంటే, గాలి ఎటు వీస్తే పడవ అటే పోతుందని. ఇది సగమే నిజం. గాలి వెనుక నుండి వీచినప్పుడు పడవ ఎండుటాకులాగా కొట్టుకొనిపోతుంది, నిజమే. కాని వేటకు పోయిన జాలరి తిరిగి ఒడ్డుకు రావాలి కదా! వెళ్ళేటప్పుడు తోడైన గాలి వచ్చేటప్పుడు ఎదురవుతుంది. ఎదురుగాలిలోకి సూటిగా పోగల తెరచాప ఏదీ లేదు. గాలి దిక్కుకు సుమారు 45 డిగ్రీల కోణంలో ఏటవాలుగా అటు కొంత, ఇటు కొంత సాగి, మెలికలు తిరుగుతూ గమ్యం చేరుకోవాలి. అలా ఏటవాలుగా సాగేటప్పుడు గాలి పడవను ముందుకు నెట్టేదానికంటె పక్కకు నెట్టేదే ఎక్కువ.

తడిసిన చింతగింజను బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పెట్టి నొక్కితే అది ముందుకు చివ్వున దూకుతుంది. రెండు వేళ్ళూ చేసింది పక్కల నుండి నొక్కడమే. అయినా గింజ ముందుకే పోయింది. పడవ విషయంలో ఒక వేలు గాలి, రెండో వేలు నీరు. పడవ అడుగు చదునుగా ఉంటే నీటికి పట్టు దొరకదు. రెండో వేలు లేని చింతగింజ అరచేతిలోంచి పక్కకు జారిపడినట్లు పడవ కూడా పక్కకు జారిపోతుంది. అడుగున నిలువుగా ఒక పలక ఉంటే నీరు దానిని ఒత్తి పట్టుకొంటుంది. అప్పుడు పడవ ముందుకు కదులుతుంది.

ఈ పలకను అమర్చడానికి మనుషులు మూడు పద్ధతులు కనిపెట్టారు. పడవ అడుగున వెన్నెముకలాగా శాశ్వతంగా నిలిచి ఉండేది మొదటిది. దీనిని కీల్ అంటారు. పడవకు రెండు పక్కలా చెవులలాగా వేలాడదీసి, అవసరమైన పక్క దించుకొనేది రెండవది. పడవ నట్టనడుమ అడుగును నిలువునా కోసి, ఆ చీలిక గుండా పైకీ కిందికీ కదిలేటట్లు అమర్చేది మూడవది. మూడవదానికి సెంటర్‌బోర్డ్ అని పేరు. ఈ పాఠంలో దానిని నడిమిపలక అని వ్యవహరిద్దాం.

లోతైన రేవులున్న దేశాలకు శాశ్వతమైన కీల్ సరిపోతుంది. ఇచ్ఛాపురం నుండి విశాఖ వరకు ఉన్న మన తీరం అటువంటిది కాదు. ఒడ్డుకు కొద్ది దూరంలోనే అల విరుగుతుంది. విరిగిన అల మీదుగా పడవను ఇసుకమీదికి ఎక్కించాలి. అక్కడి నుండి మనుషులే పైకి లాగాలి. అడుగున నిలువెత్తు కీల్ ఉన్న పడవ ఈ ఇసుకలో దిగబడి పక్కకు ఒరిగి, తరువాతి అలకు తలకిందులవుతుంది. అందుకే ఈ తీరపు జాలరి దుంగలను పక్కపక్కన చేర్చి కట్టిన తెప్పను నమ్ముకొన్నాడు. తెప్పకు మునగడమనేది లేదు. అల దానిమీదుగా పోతుంది, దుంగల సందులగుండా దిగిపోతుంది. అయితే తెప్ప అడుగు చదును. తెరచాప ఎత్తితే పక్కకు జారక తప్పదు. దానికి విరుగుడుగా కోరమాండల్ తీరపు తెప్పలవారు ఒక చెక్కపలకను తెప్ప పక్కనో, దుంగల సందునో నీటిలోకి దించేవారు. లోతునీటిలో దించడం, ఒడ్డు దగ్గరపడగానే పైకి లాగడం. ఇంగ్లీషువారి నిఘంటువులో కాటమరాన్ అన్న మాట దక్షిణాది భాషలోని కట్టుమరం నుండి పుట్టిందని విద్యార్థులు ఎరుగుదురు. మాటను తీసుకొన్నవారు ఆ పలకను మాత్రం అంతగా పట్టించుకొన్నట్లు లేదు.

కొత్తవలసకు దగ్గరలోని సముద్రతీరపు ఊళ్ళలో భీమునిపట్నం ఒకటి. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీనది తాటిపూడి మీదుగా వచ్చి అక్కడ సముద్రంలో కలుస్తుంది. ఏటి మొగలో ఇసుక మేట వేస్తుంది. పదిహేడవ శతాబ్దంలో అక్కడ స్థావరం వేసుకొన్న డచ్చివారికి ఈ ఇసుక కొత్త కాదు. వారి స్వదేశపు సముద్రమే మోకాలి లోతు బురద. అందుకే ఆ దేశపు తీరప్రాంతపు పడవలకు రెండు పక్కలా పెద్దపెద్ద రెక్కలలాగా పలకలు వేలాడుతుంటాయి. నరసాపురంలోని వలంధర రేవు అన్న పేరులో ఆ హాలెండువారి స్మృతి మిగిలింది. భీమిలిలో వారి సమాధులు మిగిలాయి. అక్కడి తెప్పల పలకలను చూసి వారు తమ ఊరి పడవలను తలచుకొని ఉంటారని ఊహించడం తప్పు కాకపోవచ్చు.

గాలి పక్కకు నెట్టివేయడమన్నది చిన్న అసౌకర్యంగా తోచవచ్చు. కాని ఓడల చరిత్రలో ప్రాణనష్టానికీ ధననష్టానికీ అది పెద్ద కారణం. సముద్రం వైపు నుండి గాలి వీస్తూ, ఒడ్డు పక్కనే ఉన్నప్పుడు, గాలికి ఎదురు సాగలేని ఓడకు ఒకే గతి ఉంటుంది. కాకతి గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం దీనికి సాక్ష్యం. తుఫానుకు తీరాన పడిన ఓడలలోని సరుకును పూర్వరాజులు బలవంతంగా స్వాధీనం చేసుకొనేవారనీ, తాను సుంకం తప్ప తక్కినదంతా వర్తకులకే విడిచిపెడుతున్నాననీ ఆ రాజు అందులో ప్రకటించాడు. ఒక రాజు శాసనం వేయించవలసినంతగా ఓడలు తీరానికి కొట్టుకొని వచ్చేవన్నమాట.

పాశ్చాత్యదేశాలలో నడిమిపలక చరిత్ర ఆలస్యంగా మొదలైంది. బ్రిటిష్ నౌకాదళానికి చెందిన జాన్ షాంక్ అనే అధికారి 1774లో బోస్టన్‌లో కదిలే పలక గల ఒక పడవను కట్టించాడు. ఆయన పద్ధతిలోనే మూడు పలకలతో 1798లో లేడీ నెల్సన్ అనే 60 టన్నుల చిన్న ఓడ తయారైంది. లోతు తక్కువైన తీరాలను పరిశీలించడానికి దానిని ఆస్ట్రేలియాకు పంపారు. 1800 చివరలో బాస్ జలసంధిని పడమటి నుండి తూర్పునకు దాటిన తొలి ఓడ అదే. అయితే 1802లో మాథ్యూ ఫ్లిండర్స్ ఓడకు తోడుగా ఆ ఖండపు తూర్పుతీరం వెంట సాగుతున్నప్పుడు దాని పలకలు దెబ్బతిన్నాయి. పలక పోయిన ఓడ గాలికి ఎదురు సాగలేక వెనుకబడింది. తోడుగా వచ్చిన ఓడ భారమైంది. ఫ్లిండర్స్ దానిని ఆ అక్టోబరులో సిడ్నీకి తిప్పిపంపివేశాడు. కదిలే పలకకు ఉన్న గుణమూ దోషమూ రెండూ ఈ ఒక్క ఓడ కథలోనే ఉన్నాయి.

నిలువుగా జారే పలకకు బదులు, ఒక మూలన ఇరుసు మీద తిరిగి, చాకు మడిచినట్లు గూటిలోకి మడిచే పలకకు అమెరికాలో స్వెయిన్ సోదరులు 1811లో పేటెంటు పొందారు. ఇది మేలైన మార్పు. నిలువుపలక నేలకు తగిలితే విరుగుతుంది. ఇరుసు మీది పలక నేలకు తగిలితే తనంతట తానే వెనక్కు మడుచుకొంటుంది. నేటి పాత పడవలలో కనిపించే నడిమిపలకలు ఎక్కువగా ఈ జాతివే. ఇక దక్షిణ అమెరికా పడమటితీరంలోని తెప్పలవారు యూరపువారు రాకముందే దుంగల సందున పలకలు దించేవారు. ముందు పలకను ఎత్తి వెనుక పలకను దించితే తెప్ప ఒక వైపు, వెనుకది ఎత్తి ముందుది దించితే మరొక వైపు తిరుగుతుంది. వారికి చుక్కాని అక్కరలేకపోయింది. 1947లో కోన్-టికి అనే తెప్పమీద పసిఫిక్ సముద్రాన్ని 101 రోజులలో దాటిన థోర్ హెయర్‌డాల్ తన తెప్పకు పలకలైతే పెట్టించాడు కాని, వాటితో దిశ మార్చవచ్చునన్న రహస్యాన్ని ప్రయాణం ముగిసిన తరువాతనే పూర్తిగా గ్రహించాడు.

ఇక్కడ ఒక భ్రమను తొలగించవలసి ఉంది. నడిమిపలక పడవను పక్కకు జారకుండా ఆపుతుంది. బోల్తా పడకుండా ఆపడం దాని పని కాదు. ఆ పని బరువుది. 1876 జూలై 20న న్యూయార్కు దగ్గర మోహాక్ అనే విలాసనౌక లంగరు వేసి ఉండగానే, తెరచాపలెత్తిన క్షణంలో ఒక గాలివిసురుకు ఒరిగి మునిగిపోయింది. అది వెడల్పైన, లోతు తక్కువైన, పెద్ద నడిమిపలక గల ఓడ. దాని బరువంతా కట్టివేయకుండా లోపల పేర్చినది. ఓడ ఒరగగానే ఆ బరువు కిందిపక్కకు జారింది. గదిలో ఉన్నవారు బయటకు రాలేకపోయారు. యజమాని దంపతులతో సహా ఐదుగురు మరణించారు. ఆ తరువాత చాలా ఏళ్ళు నడిమిపలక అంటేనే ప్రమాదం అన్న అపవాదు నిలిచింది. నిజానికి తప్పు పలకది కాదు, బరువుదే.

ఈ అపవాదును పోగొట్టినది 1954లో తయారైన ఫినిస్టెర్ అనే 38 అడుగుల పడవ. స్పార్క్‌మన్ అండ్ స్టీఫెన్స్ సంస్థ రూపొందించిన ఈ పడవకు బరువైన పొట్టి కీల్ ఉంది. ఆ కీల్ నడుమ నుండి దిగే పలక కూడా ఉంది. పలక ఎత్తితే నాలుగడుగుల నీటిలో తేలేది. 1956, 1958, 1960లలో జరిగిన బెర్ముడా పందెంలో వరుసగా మూడుసార్లు అదే గెలిచింది. సముద్రయానానికి పనికిరాదన్న నమూనా సముద్రంలోనే గెలిచేసరికి, ఆ తరువాతి ఇరవై ఏళ్ళలో అటువంటి పడవలు ఎన్నో వచ్చాయి. ఆ తరం పడవలకు నేడు వయసు మీరింది. వాటిని కొనుక్కొన్నవారి ముందు ఒక ప్రశ్న తప్పనిసరిగా నిలుస్తుంది. ఈ పలకను బాగుచేయించి ఉంచుకోవడమా, లేక శాశ్వతంగా విరమింపజేయడమా?

ప్రశ్న ఎందుకు వస్తుందో తెలియాలంటే పలక ముసలితనం ఎలా ఉంటుందో చూడాలి. పడవ అడుగును కోసి నీటికి తానే దారి ఇచ్చిన మనిషి, ఆ నీరు లోపలికి రాకుండా చీలిక చుట్టూ నిలువుగా ఒక పెట్టె కడతాడు. ఇదే పలకగూడు. పెట్టె అడుగుతో కలిసే అతుకు పడవ మొత్తానికి బలహీనమైన చోటు. పలకమీద పడే పక్కబలమంతా ఆ అతుకును అటూ ఇటూ వంచుతూ ఉంటుంది. ఇరవై ముప్పై ఏళ్ళు వంగిన అతుకులో నెర్రె పడుతుంది. తెల్లవారి చూస్తే పడవలో బెత్తెడు నీరు. ఎక్కడి నుండి వచ్చిందో తెలియదు. గూటి లోపలికి చేయి పోదు.

రెండవ రోగం ఇరుసుది. పలక వేలాడే పిన్ను బొటనవేలంత లావు ఉంటుంది. లంగరు వేసిన పడవ రాత్రంతా ఊగుతుంది. ఊగినప్పుడల్లా పలక గూటిగోడలకు తగిలి టక్కుటక్కుమంటుంది. నిద్రపట్టని ఆ చప్పుడు ఒక హెచ్చరిక. గుండ్రని రంధ్రం అరిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చిందని దాని అర్థం. పిన్ను ఒక లోహం, పలక మరొక లోహం అయితే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. రసాయనశాస్త్ర పాఠంలో బ్యాటరీ గురించి చదివిన విద్యార్థికి ఇది వెంటనే బోధపడుతుంది. రెండు వేర్వేరు లోహాలు ఉప్పునీటిలో ఒకదానినొకటి తాకితే విద్యుత్తు పుడుతుంది, వాటిలో ఒకటి కరిగిపోతుంది. కంచు పిన్ను, ఉక్కు పలక జత అయితే కరిగేది ఉక్కు. దీనికి జింకు దిమ్మను పక్కన బిగిస్తారు. ఉక్కుకు బదులు జింకు కరుగుతుంది. ఏటేటా కొత్త దిమ్మ వేయాలి. అది మరిచినవారి పలకే ముందు పోతుంది.

మూడవది వాపు. ఇనుము తుప్పుగా మారినప్పుడు దాని పరిమాణం కొన్ని రెట్లు పెరుగుతుంది. ఫైబరుపూత పూసిన ఉక్కుపలకలో ఎక్కడో సూదిమొనంత పగులు నుండి నీరు చేరితే, పూత కింద తుప్పు పొంగుతుంది. పొరలు విప్పుకొంటాయి. గూటికీ పలకకూ నడుమ ఉండే సందు కొద్ది మిల్లీమీటర్లే. పలక వాచి గూటిలో ఇరుక్కొంటుంది. చెక్కపలక అయితే నీటికి ఉబ్బి అదే పని చేస్తుంది. వాపు లేకున్నా, ఇసుక ఒడ్డున ఆనినప్పుడు చీలికలో దూరిన గులకరాయి ఒక్కటి చాలు. ఎత్తిన పలకను నెలల తరబడి కదపకపోతే లోపల గుల్లలు పట్టి గోడకు అతుక్కొంటుంది.

చివరిది తాడు. పలకను ఎత్తి దించేది స్టీలు తీగెల తాడు. ఉప్పునీటిలో దాని పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. పైకి కనిపించే భాగం నిగనిగలాడుతూనే ఉంటుంది. తెగేది పలకకు బిగించిన చోట, నీటిలో, కంటికి కనబడని చోట. బరువైన పలక తాడు తెగి ఒక్కసారి పడితే ఆ దెబ్బకు గూడే పగిలిన సందర్భాలున్నాయి. తాడును పరీక్షించేటప్పుడు దానిని గుడ్డముక్కతో నిమురుతారు. తెగిన పోగు ఉంటే గుడ్డకు తగులుకొంటుంది. చేత్తో నిమిరేవాడికి వేలు తెగుతుంది.

ఇంతమాత్రం చేత పలకను వదులుకోవలసిన పని లేదు. పైన చెప్పిన రోగాలకన్నిటికీ మందు ఉంది. మందు ఖరీదు కంటె శ్రమ ఎక్కువ, అంతే. పడవను క్రేనుతో లేపి పలకను పూర్తిగా కిందికి దించగలిగేంత ఎత్తున నిలపాలి. చదునునేల మీద దించిన పడవకు పలక బయటికే రాదు. ఇది మరచి పడవను ఒడ్డున పెట్టించి, తరువాత అడుగున గొయ్యి తవ్వించినవారు లేకపోలేదు. పలకను దించి, పిన్ను విప్పి, రంధ్రాన్ని కొలవాలి. అరిగిన రంధ్రాన్ని పెద్దది చేసి బుష్ వేయాలి. లేతు మిషను ఉన్న ఏ వర్క్‌షాపులోనైనా, రైల్వే ఊళ్ళలో మరీ సులభంగా, జరిగే పని ఇది. పలకమీది తుప్పును తెల్లని లోహం కనబడేదాకా గీకి, ఆలస్యం చేయకుండా పూత వేయాలి. గాలిలో తేమ ఉన్న మన తీరంలో గీకిన ఉక్కు తెల్లవారేసరికి మళ్ళీ ఎర్రబారుతుంది. కొత్త పూత మందంగా వేసి సంబరపడితే పలక గూటిలో పట్టదు. కనుక వేసే ముందు సందును కొలుచుకోవాలి. తాడును రోగం కనబడేదాకా ఆగక కొన్నేళ్ళకు ఒకసారి మార్చివేయడమే మేలు. నీటిలోకి దింపిన తరువాత వారానికి ఒకసారైనా పలకను దించి ఎత్తుతుంటే గుల్లలు పట్టవు.

ఇక విరమణ. కొందరు పడవను ఏటిలోనో, సరస్సులోనో, రేవుకు దగ్గరలోనో మాత్రమే నడుపుతారు. ఇంజను బాగుంటుంది. గాలికి ఎదురు పోవలసి వస్తే తెరచాప దించి ఇంజను నడుపుతారు. అటువంటివారికి కారుతున్న గూడు, చప్పుడు చేసే పలక, ఏటేటా క్రేను ఖర్చు దండగే. వారు పలకను ఎత్తి బిగించివేయవచ్చు. కావలసినప్పుడు మళ్ళీ దించుకోవచ్చు కనుక ఇది అన్నిటికంటె నిరపాయమైన పద్ధతి. రెండవ పద్ధతి పలకను తీసివేసి చీలికను ఫైబరుతో మూసివేయడం. కారుట శాశ్వతంగా ఆగుతుంది. తెరిచిన చీలికలో నీరు సుడి తిరిగి వేగాన్ని తగ్గించే బాధ కూడా పోతుంది. పలకకు బదులు శాశ్వతమైన కీల్ బిగించుకోవడం మూడవది. దీనికి పడవ అడుగు ఆ బలాన్ని తట్టుకొంటుందా అన్నది నిపుణుడు లెక్కగట్టి చెప్పాలి. అదీకాక, ఇసుకమీదికి రాగల సుగుణం ఆనాటితో ముగుస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ తీరాన్ని తాకినప్పుడు రేవులో కట్టిన పడవలెన్నో ధ్వంసమయ్యాయి. ముందుగా హెచ్చరిక అందితే, అడుగు చదునైన పడవను ఇసుకమీద పైపైకి లాక్కొనిపోవచ్చు. లోతైన కీల్ గలదానిని లాగలేరు.

పలక తీసేముందు తేల్చుకోవలసిన విషయాలు రెండున్నాయి. పలక తేలికపాటిదా, బరువైనదా అన్నది మొదటిది. కొన్ని చిన్న పడవలలో కదిలే పలకే మొత్తం బరువును మోస్తుంది. అటువంటి పలకను తీసివేయడమంటే పడవను నిలబెట్టే బరువును తీసివేయడమే. దానికి సమానమైన సీసాన్ని అడుగున కదలకుండా బిగించనిదే ఆ పడవను నీటిలోకి దింపరాదు. మోహాక్ సంగతి ఇక్కడ గుర్తుకు రావాలి.

పలక లేకుండా పడవ ఎంత జారుతుందన్నది రెండవది. దీనిని ఊహించనక్కరలేదు, కొలవవచ్చు. సాగిపోతున్న పడవ వెనుక నీటిమీద నురుగుగీత ఒకటి ఏర్పడుతుంది. ఆ గీతకూ పడవ నడిమిగీతకూ మధ్య ఉన్న కోణమే జారుడు కోణం. ఒక కాలమంతా పలకను ఎత్తి కట్టి, మంచిగాలిలోనూ గట్టిగాలిలోనూ ఆ కోణాన్ని కొలిచి చూసినవారు తరువాత పశ్చాత్తాపపడరు. ఉదాహరణకు గంటకు 4 నాటికల్ మైళ్ళ వేగంతో ఒక పడవ ఒడ్డుకు సమాంతరంగా ముక్కు పెట్టి సాగుతున్నదనుకొందాం. గాలి సముద్రం నుండి ఒడ్డువైపు వీస్తున్నది. పలక దించినప్పుడు జారుడు కోణం 5 డిగ్రీలైతే, గంటలో పడవ ఒడ్డువైపు సుమారు 650 మీటర్లు జారుతుంది. పలక లేక ఆ కోణం 15 డిగ్రీలైతే జారుడు 1,900 మీటర్లు దాటుతుంది. ఒడ్డు 3 కిలోమీటర్ల దూరంలో ఉంటే మొదటి పడవకు నాలుగున్నర గంటల వ్యవధి ఉంది. రెండవదానికి గంటన్నర. పాడైన ఇంజనును విప్పి, డీజిలు గొట్టంలో చెత్త తీసి, మళ్ళీ బిగించడానికి అలలమీద ఊగుతున్న మనిషికి గంటన్నర చాలదు.

కనుక తీరానికి దూరంగా పోయే పడవకు, ముఖ్యంగా ఒకే ఇంజను ఉన్నదానికి, పలకను బాగుచేయించి ఉంచుకోవడమే తెలివైన పని. శాంతమైన నీటిలో విహరించే పడవకు విరమణలో తప్పు లేదు. ఇక లోతైన రేవు నుండి లోతైన రేవుకే పోయే పడవలకు ఈ ప్రశ్నే రాదు. విశాఖపట్నానికి చెందిన నౌకాదళ అధికారిణి పాతర్లపల్లి స్వాతి మరి ఐదుగురు మహిళలతో కలిసి 2017 సెప్టెంబరు నుండి 2018 మే వరకు భూమిని చుట్టివచ్చిన తారిణి పడవకు ఉన్నది శాశ్వతమైన కీల్. దక్షిణ మహాసముద్రపు గాలులను తట్టుకోవడానికి అదే తగినది. ఆ పడవ భీమిలి ఇసుకమీదికి మాత్రం రాలేదు.

భీమిలి ఇసుకమీద ఈ ప్రశ్నకు సమాధానం ఎవరూ కూర్చుని ఆలోచించకుండానే వచ్చేసింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా ప్రారంభించిన బంగాళాఖాత కార్యక్రమం, అలలు విరిగే తీరాలకు తగిన మరపడవల నమూనాలను తయారుచేసింది. వాటిలో ఇంజనుతోపాటు ప్రొపెల్లరును పైకెత్తే ఏర్పాటు పెట్టారు. తెప్ప పలకను ఒడ్డు దగ్గర పైకి లాగిన జాలరి ఉపాయమే ఇక్కడ ఇనుములో తిరిగి కనిపిస్తుంది. తరువాతి దశకాలలో దుంగల తెప్పకు బదులు ఫైబరు తెప్ప వచ్చింది. వెనుక మోటారు బిగిసింది. మోటారు ఉన్నప్పుడు తెరచాప ఎందుకని తెరచాపను దించారు. తెరచాప లేనప్పుడు పలకతో పని లేదు. వేటకు పోయే దూరం పెరిగింది, తిరిగివచ్చే సమయం తగ్గింది, ఎదురుగాలిలో పగలంతా మెలికలు తిరిగే కష్టం తప్పింది. ఇది చిన్న లాభం కాదు. దానిని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఒడ్డున ఉన్నవారికి లేదు.

నష్టం మోటారు ఆగిన రోజున తెలుస్తుంది. పూర్వం గాలి ఉంటే చాలు, పలక దించి ఏటవాలుగానైనా ఏదో ఒక తీరానికి చేరేవారు. ఇప్పుడు ఫైబరు తెప్ప నీటిపై కొట్టుకొనిపోతూనే ఉంటుంది. లోతు తక్కువైతే లంగరు నేలకు అందుతుంది. అందనంత లోతులో ఉన్నప్పుడు తాడుకు వల మూటనో, డబ్బానో కట్టి ముందువైపు నీటిలో జారవిడుస్తారు. అది పడవ జారుడును కొంత తగ్గిస్తుంది, ముక్కును అలకు ఎదురుగా నిలుపుతుంది. తోటి పడవ వచ్చి తాడు అందించేదాకా ఆ మూటే వారికి ఆధారం.